ముందు వెనక్కి తిప్పండి: తొలి రోదసి యాత్రల పాత ఫోటోలు

(తిరుపతిలో పాత ఫోటోలు, నాణేలు, తపాలా బిళ్లలు సేకరించేవాళ్ళు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడతా ఉందా? ఫ్యాను చప్పుడు అడ్డమొస్తే చెప్పండి, ఒకటి ఆపేద్దాం.

మొదట ఒక ప్రశ్న. చంద్రుడి మీద బజ్ ఆల్డ్రిన్ నిలబడి ఉంటాడు, అతని హెల్మెట్ అద్దంలో ఫోటో తీస్తున్న ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నగా కనిపిస్తాడు. ఆ ఫోటో మీలో ఎంతమంది దగ్గరుంది? చేతులెత్తక్కర్లేదు, అందరి దగ్గరా ఉంది. ఫోన్లో ఉంది కదా! నాసా వ్యోమగాములు తీసిన ఆ ఫోటోలకు కాపీరైటు లేదు. ఎవరైనా దించుకోవచ్చు, గాంధీ రోడ్డులో ఏ స్టూడియోకైనా వెళ్ళి సాయంత్రానికల్లా ప్రింటు వేయించుకోవచ్చు. మరి అలాంటి ఫోటోకు వేలకు వేలు పోసి ఎందుకు కొంటున్నారు?

కొంటున్నది బొమ్మను కాదు. కాగితాన్ని. ఆ యాత్ర జరిగిన రోజుల్లోనే, ఆ నెలల్లోనే, చీకటి గదిలో వెలుగు తగిలి, మందునీళ్ళలో మునిగి తేలి, ఒక పత్రికాఫీసుకో, ఒక ఇంజనీరు బల్ల మీదికో వెళ్ళిన కాగితం. "వింటేజ్ ప్రింటు" అంటే అర్థం అంతే. ఫోటో తీసిన కాలానికి దగ్గరగా వేసిన ప్రింటు అని. పాత ఫోటో వేరు, పాత ప్రింటు వేరు. 1969లో తీసిన ఫోటోను నిన్న ప్రింటు వేసినా అది 1969 ఫోటోనే. కానీ పాత ప్రింటు కాదు. ఈ ఒక్క తేడా తెలియకపోతే ఎంత డబ్బు పెట్టినా బూడిదలో పోసినట్టే.

అందుకని ఈరోజు నేను చెప్పేది ఒకటే. ఫోటో చేతికి రాగానే బొమ్మ చూడకండి. ముందు వెనక్కి తిప్పండి.

ఇదిగో ఈ ప్రింటు వరసల్లో తిప్పుతున్నాను. అంచులు మాత్రమే పట్టుకోండి. బయట బజ్జీలు తినొచ్చినవాళ్ళు చెయ్యి కడుక్కుని రండి. తమాషాకు చెప్పడం లేదు. నూనె వేలిముద్ర ఈరోజు కనపడదు, కొన్నేళ్ళకు మచ్చై పైకి తేలుతుంది.

కొలత 8 బై 10 అంగుళాలు. నాసా పత్రికలకూ బడులకూ పంచినవి ఎక్కువగా ఈ కొలతే. బొమ్మ 1965 జూన్ 3 నాటిది, అమెరికావాళ్ళ జెమిని 4 యాత్ర. ఎడ్ వైట్ నౌక బయట తేలుతున్నాడు, చేతిలో గ్యాసు చిమ్మే చిన్న తుపాకి, వెనక భూమి. అమెరికన్లలో రోదసిలో నడిచిన మొదటివాడు ఇతనే. ఫోటో తీసినాయన నౌకలో ఉన్న జేమ్స్ మెక్‌డివిట్. ఇప్పుడు పై అంచు, ఎడమ మూల చూడండి. తెల్లటి అంచు మీద ఎర్ర అక్షరాలు. నాసా ఎస్-65-30431. కనపడిందా? ఇలాంటివాటిని సేకరించేవాళ్ళు "ఎర్ర నంబరు" ప్రింట్లు అంటారు. రంగు ప్రింట్లకు ఎర్ర నంబరు, నలుపు తెలుపుకు సాధారణంగా నల్ల నంబరు.

ఇప్పుడు తిప్పండి. వెనక లేత బూడిదరంగులో, ఏటవాలుగా, వరస మీద వరస, "ఏ కోడక్ పేపర్" అని అచ్చయి ఉంది. వెలుగుకు కొంచెం వంచి పట్టుకుంటేనే కనిపిస్తుంది. కొన్ని ప్రింట్లకు దీంతోపాటు ఊదారంగు సిరాతో టైపు అక్షరాల్లో వివరణ కూడా ఉంటుంది. ఎవరు, ఏ యాత్ర, ఏం జరుగుతోంది అని. మన బళ్ళలో ఒకప్పుడు ప్రశ్నపత్రాలు సైక్లోస్టైల్ తీసేవాళ్ళు కదా, అచ్చం అలా ఉంటుంది చూడ్డానికి.

సరే, నంబరు సంగతి. ఎస్ అంటే హ్యూస్టన్‌లోని నాసా కేంద్రం. 65 సంవత్సరం. తర్వాతది వరస సంఖ్య. అపోలోకు వచ్చేసరికి పద్ధతి మారింది. ఏఎస్11-40-5903 అని ఉందనుకోండి. ఏఎస్ అంటే అపోలో-శాటర్న్, 11 యాత్ర, 40 ఫిల్ము మ్యాగజైన్, అంటే కెమెరాకు తగిలించే ఫిల్ము డబ్బా, 5903 ఆ వరసలో ఫ్రేము. నేను మొదట అడిగానే, అద్దంలో ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపించే ఫోటో, దాని నంబరు అదే. వాషింగ్టన్ ప్రధాన కార్యాలయం నుంచి వెళ్ళిన ప్రింట్లకు ఇంకో రకం నంబరు. ముందు సంవత్సరం, తర్వాత హెచ్, రంగుదైతే హెచ్‌సి, ఆ తర్వాత అంకెలు. కాబట్టి ఒకే బొమ్మకు రెండు మూడు నంబర్లుంటాయి. అది చూసి కంగారుపడి దొంగ ప్రింటు అనుకోకండి.

ఇప్పుడు చెప్పండి, ఈ నంబరు ఏం చెప్తుంది? ఫోటో ఎప్పటిదో చెప్తుంది. ప్రింటు ఎప్పుడు వేశారో చెప్తుందా? చెప్పదు. అదే నెగటివ్ నుంచి పదిహేనేళ్ళ తర్వాత అదే నంబరుతో ఇంకో ప్రింటు వేయొచ్చు, వేశారు కూడా. ఎర్ర నంబరు చూడగానే ఎగిరి గంతేసేవాళ్ళు మోసపోయేది ఇక్కడే. నంబరు సగం సాక్ష్యం. మిగతా సగం వెనక ఉంది.

వెనక ఏం చదవాలి? పేర్లు చదవాలి. మన ఊరి ఉదాహరణే చెప్తాను. ఒక పాత దస్తావేజు మీద చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్నట్టు రాసుంటే అది 1911 ఏప్రిల్‌కు ముందుదని మనకు తెలుస్తుంది. "తిరుపతి జిల్లా" అని ఉంటే? 2022 ఏప్రిల్ తర్వాతది. దస్తావేజు మీద తేదీ ఏదైనా రాసుకోనీండి, జిల్లా పేరు అబద్ధమాడదు. అలాగే ఇక్కడ. హ్యూస్టన్ కేంద్రాన్ని మొదట్లో మ్యాన్డ్ స్పేస్‌క్రాఫ్ట్ సెంటర్ అనేవాళ్ళు. 1973 ఫిబ్రవరిలో దానికి జాన్సన్ స్పేస్ సెంటర్ అని పేరు మార్చారు. అపోలో 11 ప్రింటు వెనక "జాన్సన్" అని కనపడిందా? కనీసం మూడున్నరేళ్ళ తర్వాత వేసిన ప్రింటు. రాకెట్లు ఎగిరే కేప్ కెనవెరల్‌ను 1963 నవంబరులో కేప్ కెనడీ అన్నారు, 1973లో మళ్ళీ పాత పేరే వచ్చింది. కాబట్టి "కేప్ కెనడీ" అని ఉంటే ఆ పదేళ్ళ కిటికీలోది. చిరునామాలో అయిదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 తర్వాతది. దాంతో 1962 నాటి వ్యోమగామి జాన్ గ్లెన్ ఫోటో వెనక జిప్ కోడ్ కనపడితే ఏమనుకోవాలి? మీకే తెలిసిపోయింది.

గుర్తు కూడా చూడండి. గుండ్రటి నీలం బొమ్మ, అందులో నక్షత్రాలు, అది 1959 నుంచి ఉన్న నాసా గుర్తు. ఎర్రగా, వానపాములా మెలికలు తిరిగిన అక్షరాల గుర్తు 1975లో వచ్చి 1992 దాకా నడిచింది. చంద్రుడి మీద చివరిసారి మనిషి నడిచింది 1972 డిసెంబరులో. మరి అపోలో ప్రింటు మీద ఆ వానపాము గుర్తుంటే? అది తర్వాత వేసిందే. వాదన అక్కర్లేదు.

కోడక్ మాట కూడా అంతే. "ఏ కోడక్ పేపర్" అన్న రాత 1960ల్లోది, 70ల మొదటి దాకా. తర్వాత "దిస్ పేపర్ మాన్యుఫాక్చర్డ్ బై కోడక్" అని పొడుగు వాక్యం వచ్చింది. అపోలో చివరి యాత్రల దగ్గర రెండూ కలగాపులగంగా కనిపిస్తాయి, అక్కడ గట్టిగా తీర్పు చెప్పకండి. కానీ జెమిని ప్రింటు వెనక పొడుగు వాక్యం ఉంటే మాత్రం తర్వాతి ప్రింటే. ఇక ఫ్యూజీ క్రిస్టల్ ఆర్కైవ్ అనో మరోటో ఉంటే, అది నిన్నమొన్నటిది. ఫోటో స్టూడియో నడిపేవాళ్ళు ఎవరైనా ఉంటే మీకే బాగా తెలుసు.

కాగితం గురించి. ఇది కొంచెం నిదానంగా వినండి, ఎందుకంటే వెనక ఏమీ రాసి లేని ప్రింట్లు బోలెడు దొరుకుతాయి. అప్పుడు కాగితమే మాట్లాడాలి.

పాత ఫోటో కాగితం వట్టి కాగితమే. మీద బొమ్మ నిలిచే జెలటిన్ పొర. దీన్ని ఫైబర్ కాగితం అంటారు. తర్వాత కాగితానికి రెండు వైపులా ప్లాస్టిక్ పూత వేయడం మొదలుపెట్టారు. అది ఆర్‌సీ కాగితం. తొందరగా కడగొచ్చు, తొందరగా ఆరుతుంది, ముడుచుకోదు, ల్యాబువాళ్ళకు హాయి. కోడక్ రంగు ప్రింట్లకు ఆర్‌సీ కాగితం వచ్చింది 1968లో. నలుపు తెలుపుకు ఇంకా ఆలస్యం, 1972 ప్రాంతం. ఇప్పుడు లెక్క వేయండి. అమెరికావాళ్ళు మనుషుల్ని పంపిన తొలి యాత్రలు మెర్క్యురీ, 1961 నుంచి 63. జెమిని 1965, 66. ఆ యాత్రల రంగు ప్రింటు ప్లాస్టిక్ పూత కాగితం మీద ఉంటే? ఆ రోజుల్లో వేసింది కాదు, కానే కాదు. ఎర్ర నంబరున్నా కాదు.

పూత ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? చించి చూడమని కొందరు చెప్తారు, ఆ పని చేయకండి! వెనక వైపు వేలి గోరు ఆనించి నెమ్మదిగా జరపండి. వట్టి కాగితమైతే పుస్తకం అట్ట మీద జరిపినట్టు సన్నగా గరగరమంటుంది. పూత ఉంటే జారిపోతుంది. బల్ల మీద పెడితే ఫైబర్ ప్రింటు బొమ్మ వైపుకు కొద్దిగా ముడుచుకుంటుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఆర్‌సీ ప్రింటు చాలావరకు చదునుగా పడుకుంటుంది. పది ప్రింట్లు పట్టుకుంటే చాలు, పదకొండోదానికి వేళ్ళకే తెలిసిపోతుంది.

దొంగనోట్లు చూసే ఊదా లైటు పట్టుకొచ్చి "వెలిగింది కాబట్టి కొత్తది" అనేవాళ్ళున్నారు. తొందరపడకండి. కాగితానికి తెల్లదనం తెచ్చే రసాయనం 1950ల మధ్య నుంచే ఫోటో కాగితాల్లో కలుస్తోంది. అందుకని ఆ లైటు ఒంటరిగా సాక్ష్యం కాదు. ఖాయంగా తెలిసిన ప్రింటు ఒకటి పక్కన పెట్టి, రెండూ ఒకేసారి చూడండి. తేడా కొట్టొచ్చినట్టుంటే అప్పుడు అనుమానించండి.

ఇప్పుడు బూతద్దం. నగలు చేసే ఆచారులు కంటికి ఆనించుకుంటారే, పది రెట్లు చూపించేది, అది చాలు. ఆకాశం మీద పెట్టకండి, నల్లటి చోట ఏమీ తెలియదు. ముఖం మీదో, తెల్లటి రోదసి దుస్తుల మడతల మీదో పెట్టండి. చుక్కలు వరసగా, ముగ్గులో పెట్టినట్టు కనిపిస్తే అది ఫోటోనే కాదు, ఆఫ్‌సెట్ అచ్చు. పత్రికలోంచో, నాసా బడిపిల్లలకు పంచిన అచ్చు బొమ్మల్లోంచో వచ్చింది. చుక్కలు సన్నగా, చిందరవందరగా, చల్లినట్టుంటే ఇంక్‌జెట్ ప్రింటరు. అసలు చుక్కలే లేకుండా రంగు పొగమంచులా కలిసిపోయి ఉంటే అది నిజమైన ఫోటో ప్రింటు.

ఆగండి, అక్కడితో అయిపోలేదు. ఇప్పటి డిజిటల్ ల్యాబు కూడా నిజమైన ఫోటో కాగితం మీదే లేజరుతో వేస్తుంది. దానిలోనూ చుక్కలుండవు. అప్పుడేం చేయాలి? మళ్ళీ వెనక్కి తిప్పాలి. తిప్పి తిప్పి అక్కడికే వస్తాం.

బొమ్మ కూడా కొంచెం సాయం చేస్తుంది, చేయదని కాదు. ఆల్డ్రిన్ ఫోటోనే తీసుకుందాం. అసలు ఫ్రేములో ఆర్మ్‌స్ట్రాంగ్ గురి కాస్త కిందికి పడింది. ఆల్డ్రిన్ వీపు మీది పెట్టె పైన ఉండే యాంటెన్నా కొస తెగిపోయింది, తల మీద ఆకాశం దాదాపు లేదు. పత్రికలకు ఇచ్చేటప్పుడు నాసా పైన నల్లరంగు చేర్చి ఆకాశాన్ని పెంచింది. అందుకని ఆ రోజుల్లో పంచిన ప్రింట్లలో తల మీద నల్లటి చోటు బాగా ఉంటుంది. ఇటీవలి సంవత్సరాల్లో అసలు ఫిల్మును స్కాన్ చేసి అందరికీ ఇచ్చారు. వాటిలో ఫ్రేము ఉన్నదున్నట్టే ఉంటుంది. ఎవరైనా "1969 ప్రింటు" అని తెచ్చిన కాగితంలో పైన ఆకాశం లేకుండా, కొస తెగి ఉంటే, కొత్త స్కాన్ నుంచి వేసిందేమో అని రెండోసారి చూడండి.

ఇంకోటి, చంద్రుడి నేల మీది ఫోటోల్లో సన్నటి కూడిక గుర్తులుంటాయి చూశారా? అవి కెమెరాలోవే. చంద్రుడి మీద వాడిన హాసెల్‌బ్లాడ్ కెమెరాలో ఫిల్ముకు ముందు ఒక గాజు పలక ఉండేది, దాని మీద 5 వరసలు, వరసకు 5, మొత్తం 25 గుర్తులు. నడిమిది కొంచెం పెద్దది. గుర్తుకూ గుర్తుకూ ఫిల్ము మీద 10 మిల్లీమీటర్లు. 8 బై 10 కాగితం మీద ఫ్రేము మొత్తం పట్టేలా వేస్తే ఆ ఎడం మూడున్నర సెంటీమీటర్ల చుట్టుపక్కల వస్తుంది. స్కేలు పెట్టి కొలవండి. అయిదు సెంటీమీటర్లు వచ్చిందా, బొమ్మను కత్తిరించి పెద్దది చేశారన్నమాట. పెద్ద గుర్తు నడిమధ్య లేదా, ఒక పక్క కోసేశారన్నమాట.

"ఆ గుర్తు తెల్లటి వస్తువు మీదికి వచ్చేసరికి మాయమైంది, కాబట్టి చంద్రయాత్రే బూటకం" అని మీ బంధువుల వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. ఎండలో మెరిసే తెల్లటి వస్తువు వెలుగు ఫిల్ము మీద పక్కకు పాకి సన్న గీతను మింగేస్తుంది. అంతే సంగతి. ప్రింటు నుంచి నెగటివ్, దాన్నుంచి మళ్ళీ ప్రింటు, అలా తరాలు పెరిగేకొద్దీ ఇంకా మింగేస్తుంది. మనకు పనికొచ్చేది ఇదే. తెల్లటి చోట కూడా గీత సన్నగా మిగిలి ఉంటే ఆ ప్రింటు అసలు ఫిల్ముకు దగ్గరి తరంది.

ఈ గుర్తులు అన్ని ఫోటోల్లో ఉండవు. అపోలో 8 నుంచి 1968 డిసెంబరు 24న బిల్ ఆండర్స్ తీసిన భూమి ఉదయించే బొమ్మలో లేవు, 1972లో అపోలో 17 నుంచి తీసిన నిండు భూమి బొమ్మలో లేవు. గుర్తులు లేవని వాటిని దొంగవి అనకండి. ఇంకొక మాట. అపోలో 11లో నేల మీద ఉన్నంతసేపూ కెమెరా ఎక్కువగా ఆర్మ్‌స్ట్రాంగ్ చేతిలోనే ఉంది. అందుకని ఆయన కనిపించే ఫోటోలు మహా కొద్ది. "చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్" అని అమ్మేవాటిలో నిలబడింది ఎక్కువగా ఆల్డ్రినే. అమ్మేవాడికి అంతమాత్రం తెలియకపోతే, ప్రింటు వయసు గురించి వాడు చెప్పేది ఎంతవరకు నమ్ముతారు?

రష్యావాళ్ళ ఫోటోల దారి వేరు. అక్కడ ఎర్ర నంబర్లు, ఊదా సిరా లేవు. టాస్, నోవోస్తి వార్తాసంస్థల ముద్రలు, రష్యన్‌లో అతికించిన వివరణ చీటీలు ఉంటాయి. నలుపు తెలుపే ఎక్కువ. కాగితం సెంటీమీటర్ల కొలత, 13 బై 18, 18 బై 24. వీటిలో దిద్దుబాటు విపరీతం. 1961లో సోచి ఊళ్ళో మొదటి వ్యోమగాములు కొందరు కలిసి ఒక ఫోటో దిగారు. అందులో గ్రిగొరీ నెల్యూబొవ్ అని ఒకాయన. 1963లో ఆయన్ని జట్టులోంచి తీసేశారు. తర్వాత బయటికి వచ్చిన ఫోటోలో ఆయన లేడు! ఆ చోటు కనపడకుండా వెనక దృశ్యం గీసేశారు. ఇలాంటి చోట దిద్దిన ప్రింటు దొరికినా వదలకండి, దిద్దడమే చరిత్ర కాబట్టి.

గగారిన్ పేరు మీద జరిగే మోసాలు మూడు రకాలు. ఒకటి, "గగారిన్ రోదసి నుంచి తీసిన ఫోటో". లేనే లేదు. 1961 ఏప్రిల్ 12న ఆయన దగ్గర ఫోటో కెమెరా లేదు. కక్ష్యలోంచి మొదటిసారి తన చేత్తో భూమిని చిత్రించింది ఆ ఆగస్టులో వెళ్ళిన గెర్మన్ తితోవ్. రెండు, ప్రయోగం రోజు ఫోటో అని శిక్షణ రోజుల ఫోటో అంటగట్టడం. హెల్మెట్ మీద ఎర్ర అక్షరాలు చూడండి, మన కంటికి సి.సి.సి.పి. అన్నట్టుంటాయి. అవి ప్రయోగం రోజు పొద్దున రాసినవి. హెల్మెట్ బోసిగా ఉందంటే అది ముందటి రోజులదేమో అని అనుమానించండి. మూడు, గగారిన్‌ను మోసుకెళ్ళిన వోస్తోక్ రాకెట్ నిలువెత్తు ఫోటో, 1961 ప్రింటు అని అమ్మడం. ఆ రాకెట్ రూపాన్ని వాళ్ళు ప్రపంచానికి చూపించింది 1967లో, పారిస్ ప్రదర్శనలో. అంతకుముందు అది రహస్యం. రహస్యాన్ని 1961లో పత్రికలకు ఎవరు పంచుతారు?

మరి మన దగ్గర ఏం దొరుకుతాయి? మనవాళ్ళు చేసే పొరపాటేమంటే, చూపంతా హ్యూస్టన్ మీదే. మద్రాసులో అమెరికా సమాచార కేంద్రం, యూసిస్, ఉండేది. బళ్ళకు, కాలేజీలకు, పత్రికలకు ఫోటోలు పంచేది. వెనక దాని ముద్ర ఉంటే సంతోషించండి, ఆ కాగితం ఏ దారిన ఇక్కడికి వచ్చిందో ఆ ముద్రే చెప్తుంది. గగారిన్ 1961 చివర్లో మన దేశానికి వచ్చాడు. అపోలో 11 ముగ్గురూ 1969 అక్టోబరులో బొంబాయి వచ్చారు. రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న వెళ్ళాడు. వీటికి మన ఫోటోగ్రాఫర్లు తీసిన ప్రింట్లున్నాయి, పత్రికాఫీసుల అటకల మీద, రిటైరైన విలేకరుల ఇళ్ళల్లో. విదేశాల్లో వాటిని పట్టించుకునేవాళ్ళు తక్కువ, దొంగవి తయారుచేసేవాళ్ళు ఇంకా తక్కువ. నన్నడిగితే కొత్తవాళ్ళు మొదలుపెట్టాల్సింది అక్కడ. ఆల్డ్రిన్ ఫోటో దగ్గర కాదు.

పత్రికాఫీసు ప్రింటు మీద రంగు పెన్సిలు గీతలు, అంచు వెంబడి తెల్లరంగు పూత, వెనక తేదీ ముద్ర, ఎన్ని కాలమ్‌లో రాసిన అంకె, ఇవన్నీ ఉంటాయి. తుడవకండి. దయచేసి తుడవకండి. అవి మచ్చలు కావు. "సోవియట్ భూమి" పత్రికలోంచి కత్తిరించిన బొమ్మలు మాత్రం అచ్చు బొమ్మలే. దాచుకోండి, ఫోటో ధర పెట్టకండి.

సంతకాల గురించి రెండు ముక్కలే. అమెరికా వ్యోమగాముల సంతకాలు యంత్రంతో కూడా పెట్టించేవాళ్ళు, ఆటోపెన్ అంటారు. యంత్రం ఒకే అచ్చుతో పెట్టిన రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి వేస్తే అచ్చంగా కలిసిపోతాయి. మనిషి చెయ్యి రెండుసార్లు ఒకేలా పెట్టలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ 1994 నుంచి అడిగినవాళ్ళకు సంతకాలు పెట్టడం మానేశారు. సంతకం కోసం ఫోటో కొనడం వేరే విద్య, దానికి వేరే పూట కావాలి.

దూరం నుంచి కొనేటప్పుడు అమ్మేవాణ్ణి నాలుగు ఫోటోలు అడగండి. ముందు భాగం అంచులతో సహా. వెనక భాగం మొత్తం. నంబరు దగ్గరగా. నాలుగోది, దీపం పక్కనుంచి వెలుగు పడేలా ఏటవాలుగా, మడతలు, పగుళ్ళు కనిపించేట్టు. అంచులు కోసి బొమ్మ ఒక్కటే చూపిస్తే, వెనక "ఏమీ లేదు" అని మాటతో సరిపెడితే, ఆ బేరం వదిలేయండి. పోస్టులో పంపేటప్పుడు ప్రింటు కంటే అన్ని వైపులా రెండంగుళాలు పెద్దవి, రెండు గట్టి అట్టలు పెట్టించండి. మధ్యలో కవరు కదలకూడదు. చుట్టి గొట్టంలో పంపనివ్వకండి. యాభై అరవై ఏళ్ళ జెలటిన్ చుడితే చిట్లుతుంది. వచ్చిన కవరు పారేయకండి, అది కూడా ఆధారమే.

ఇక కొన్న తర్వాత సంగతి. ఇదే మన ఊళ్ళో అసలు కష్టం. ఎండాకాలం 42 డిగ్రీలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం తేమ. ఫోటోకు రెండూ శత్రువులే. పాత రంగు ప్రింటులో రంగులు చీకట్లో ఉన్నా చెడిపోతాయి, వేడి ఎక్కువైతే తొందరగా చెడిపోతాయి. సయాన్ అనే నీలిరంగు ముందు వెళ్ళిపోతుంది, బొమ్మ ఎర్రబారుతుంది, తెల్ల అంచు పసుపుపచ్చ తిరుగుతుంది. హ్యూస్టన్‌లో అసలు అపోలో ఫిల్మును మైనస్ 18 డిగ్రీల గదిలో పెట్టారంటే అందుకే. మనకు ఆ భాగ్యం లేదు. కనీసం మిద్దె మీది గది వద్దు, పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువా వద్దు. కింది అంతస్తు, ఇంటి నడిమి గది, నేలకు అడుగు ఎత్తున.

పటం కట్టించొద్దు. అంటే అసలు ప్రింటుకు వద్దు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మన దగ్గర పటం కట్టేవాళ్ళు ఫోటోను నేరుగా అద్దానికి ఆనించి వెనక అట్ట బిగిస్తారు. వానాకాలం తేమకు జెలటిన్ మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది. ఒక్కసారి అంటుకుంటే పీకితే పొర లేచొస్తుంది, నీళ్ళలో నానబెడితే వెనక ఊదా సిరా కరిగిపోతుంది. రెండు వైపులా నష్టమే. లామినేషన్ గురించి నేను మాట్లాడను, దానికి మందు లేదు. గోడ మీద పెట్టుకోవాలని ఉంటే స్కాన్ తీసి, ఆ కొత్త ప్రింటుకు పటం కట్టించండి. ముందూ వెనకా రెండూ స్కాన్ తీయండి, అంగుళానికి 600 చుక్కల దగ్గర. ఒకసారి స్కాన్ వెలుగు తగిలితే పోయేదేమీ లేదు.

అసలు ప్రింటు ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టండి. పారదర్శకంగా కావాలంటే మైలార్ అనే పాలియెస్టర్ కవరు. కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే ప్లాస్టిక్ ఉంటుంది చూడండి, పీవీసీ, అది అసలు వద్దు. జిగురు పేజీల ఆల్బం అంతకన్నా వద్దు. మన తేమకు నా ఓటు కాగితపు కవరుకే, అది గాలి పీలుస్తుంది. మైలార్‌లో తేమ చిక్కుకుంటే అద్దానికి అంటుకున్నట్టే అంటుకుంటుంది. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేయండి. నీలం రంగువి కొనండి, తేమ తాగి గులాబీ రంగుకు తిరిగితే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. వాడుకుంటున్నారా మీరు? లేదు. గులాబీ రంగు తిరిగిన సంచి పెట్టెలో సంవత్సరాలు పడి ఉంటుంది. అది ఉన్నా లేనట్టే.

కలరా ఉండలు వేయకండి. ఆ ఆవిరి చల్లబడ్డప్పుడు ఫోటో మీదే పలుకులుగా పేరుకుంటుంది. వెండిపురుగులకు జెలటిన్ అంటే పాయసం. వాటికి మందు శుభ్రత, నెలకోసారి పెట్టె తెరిచి చూడడం. వెనక బాల్ పెన్నుతో ఏమీ రాయకండి, అచ్చు ముందు వైపు తేలుతుంది. రాయాలనిపిస్తే కవరు మీద రాయండి, ప్రింటు లోపల పెట్టకముందే రాయండి.

నా ప్రింటు ఎక్కడిదాకా వచ్చింది? అక్కడ, కిటికీ పక్కన. సరే, ఎండ పడకుండా పట్టుకోండి.

ఇక్కడ బల్ల మీద నాలుగు కాగితాలు పెట్టాను. నాలుగూ అదే ఎడ్ వైట్ బొమ్మ. ఒకటి ఆఫ్‌సెట్ అచ్చు, ఒకటి ఇంక్‌జెట్, ఒకటి ఇప్పటి ల్యాబు ప్రింటు, ఒకటి తర్వాతి కాలంలో ఆర్‌సీ కాగితం మీద వేసిన ఎర్ర నంబరు. బూతద్దాలు మూడున్నాయి, ఊదా లైటు ఒకటుంది. ఏది ఏదో నేను చెప్పను. మొదటి వరస వాళ్ళు రండి, చేతులు తుడుచుకుని.